ఆరు వారాల కాగితం

డెస్మండ్ ఫెన్విక్‌కి మనుషుల మీద నమ్మకం పోయి చాలా ఏళ్ళయింది. చట్టం మీద మాత్రం కాస్త మిగిలింది. ఆ కాస్తా ఏప్రిల్ నెలలో ఒక మంగళవారం ఉదయం, ఆఫీసు కింద నేలమాళిగలో, పాత ఫైళ్ళ మధ్య తుడిచిపెట్టుకుపోయింది.

ఆల్డర్‌ఫోర్డ్‌లో ఆయన నలభై ఒక్క ఏళ్ళుగా సాలిసిటర్. విగ్గు పెట్టుకుని కోర్టులో గొంతు చించుకునే లాయర్లు వేరు, వాళ్ళు న్యూకాజిల్‌లో ఉంటారు. ఈయనది బల్ల ముందు కూర్చుని చేసే పని. ఇళ్ళ దస్తావేజులు, వీలునామాలు, విడాకులు, గోడల తగువులు. ఊళ్ళో ఎవరికి ఎవరంటే పడదో, ఎందుకు పడదో, ఏ సంవత్సరం నుంచి పడదో ఆయనకి తెలిసినంతగా చర్చి ఫాదరుకి కూడా తెలియదు. ఫాదరు దగ్గర జనం తప్పులు ఒప్పుకుంటారు. ఫెన్విక్ దగ్గర పక్కవాడి తప్పులు చెబుతారు, అవి ఎప్పుడూ ఎక్కువే ఉంటాయి.

న్యాయం కోసం ఆయన మెట్లెక్కినవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టచ్చు. మిగతావాళ్ళంతా గెలవడానికి వచ్చినవాళ్ళే. ఒకసారి తండ్రిని పాతిపెట్టిన మూడో రోజునే ఇద్దరు అన్నదమ్ములు వచ్చి చెరో కుర్చీలో కూర్చున్నారు. ఇంటి గురించి కాదు, పొలం గురించీ కాదు. ఆ తండ్రి ఏటా సెప్టెంబరు పోటీలో నెగ్గే లీకుల గురించి. లీకులంటే ఉల్లికాడల్లాంటివే కానీ పోటీకి పెంచినవి మనిషి చెయ్యంత లావుంటాయి. ముప్ఫై ఏళ్ళు కాపాడుకొచ్చిన ఆ నారు ఎవరికి చెందాలన్నది తగువు. రెండేళ్ళు ఉత్తరాలు నడిచాయి. ఈలోగా నారు కుళ్ళి మట్టిలో కలిసిపోయింది. తగువు మాత్రం నడుస్తూనే ఉంది, అన్నదమ్ములు ఇప్పటికీ బజారులో ఎదురుపడితే రోడ్డు దాటుతారు.

ఇలాంటివి చూసీ చూసీ ఫెన్విక్ ఒక నిర్ణయానికొచ్చాడు. మనుషులు ఎలాగూ బాగుపడరు, కనీసం కాగితాలైనా సరిగ్గా ఉండాలి. సంతకం సరైన చోట, తేదీ సరైన రోజున, సాక్షులు ఇద్దరూ గదిలోనే. కాగితం సరిగ్గా ఉంటే చెడ్డవాడు కూడా తలవంచాల్సిందే. ఆయన ఇరవై ఏళ్ళుగా తన గురించి తాను గర్వపడింది ఆ ఒక్క విషయానికే.

ఆ వేసవితో ఆఫీసు మూసేద్దామనుకున్నాడు. అరవై ఆరు నిండాయి, మోకాళ్ళు మెట్లని తిట్టుకుంటున్నాయి. పాత ఫైళ్ళన్నీ ముక్కలు చేయించడానికి గోనెసంచుల్లో నింపుతున్నాడు. పేరు చూడడం, గులాబీరంగు నాడా విప్పడం, ఒకసారి తిరగేయడం, సంచిలో పడేయడం. మంగళవారం పదిన్నరకి చేతికొచ్చింది మోరీన్ చార్ల్‌టన్ విడాకుల ఫైలు, పంతొమ్మిదేళ్ళ కిందటిది. విప్పకుండానే సంచిలో వేయబోయాడు. వేసేసినా బాగుండేది. మోరీన్ ఈ మధ్య రోజూ మనసులో మెదులుతున్న మనిషి కావడంతో, అప్పుడెలా ఉండేదో చూద్దామని విప్పాడు.

ఇంగ్లండులో విడాకులు రెండు విడతల్లో వస్తాయి. ముందు జడ్జి ఒక ఉత్తర్వు ఇస్తాడు, సరే విడిపోవచ్చని. ఆరు వారాలు ఆగి, మా మనసు మారలేదు, తేల్చెయ్యండి అని ఒక కాగితం పంపాలి. అప్పుడు రెండో ఉత్తర్వు వస్తుంది. అది వచ్చేదాకా భార్య భార్యే, భర్త భర్తే. ఫైల్లో మొదటి ఉత్తర్వు ఉంది. దాని వెనకాల ఆరు వారాల కాగితం కూడా ఉంది. నింపి ఉంది, ఫెన్విక్ సంతకం చేసి ఉంది, గుండుసూది తుప్పుపట్టి దానికే అతుక్కుపోయి ఉంది. పంపాల్సిన కాగితం పంపకుండా ఫైల్లోనే ఉంది.

మొదట కాపీ అనుకున్నాడు. వెలుతురులోకి తెచ్చి చూశాడు. సంతకం సిరాతో చేసింది. రెండో ఉత్తర్వు కోసం ఫైలు మొత్తం మూడుసార్లు తిరగేశాడు. లేదు. సోమవారం టపాలో పంపుదామని పక్కన పెట్టి ఉంటాడు, ఆ సోమవారం ఏదో వచ్చి ఉంటుంది. ఏమొచ్చిందో ఎంత ఆలోచించినా గుర్తురాలేదు. పెద్ద కారణం ఏదైనా ఉంటే కాస్త ఊరటగా ఉండేది. ఏమీ లేదు, మర్చిపోయాడు, అంతే.

మోరీన్ ఎప్పుడూ ఆ రెండో కాగితం అడగలేదు. ఫెన్విక్ గారు అయిపోయిందన్నారంటే అయిపోయినట్టే. ఆల్డర్‌ఫోర్డ్‌లో నలభై ఏళ్ళుగా అదే ఆనవాయితీ. ఆమె ఆ వారంలోనే ఒక కేకు చేసి పట్టుకొచ్చింది, ఆయన తిన్నాడు.

ఒక్క విడాకుల సంగతే అయితే ఈ రోజే ఆ కాగితం పంపి, క్షమాపణ చెప్పుకుని, సిగ్గుతో తలదించుకుంటే సరిపోయేది. ఆయన మెట్టు మీద కూలబడింది అందుకు కాదు. జనవరిలో రాయించిన వీలునామా గుర్తొచ్చి.

మిస్ టెల్ఫర్ ఊరి బడిలో పంతులమ్మగా చేసి రిటైరైన మనిషి. పెళ్ళి లేదు, పిల్లల్లేరు. ఏటి ఒడ్డున రాతి ఇల్లు ఒకటి ఉంది. బ్రిస్టల్‌లో జైల్స్ అనే మేనల్లుడున్నాడు, క్రిస్మస్‌కి కార్డు పంపుతాడు. ఆమెని కనిపెట్టుకుని ఉన్నది మోరీన్. విడాకులనుకున్నవి అయ్యాక ఇల్లు తుడవడానికి వచ్చి చేరింది, పదకొండేళ్ళ కిందట ఆమె మంచాన పడ్డాక ఆ ఇంట్లోనే ఉండిపోయింది. తినిపించింది, కడిగింది, ఎత్తి కూర్చోబెట్టింది. జనవరిలో మిస్ టెల్ఫర్ కబురు పెట్టింది, ఇల్లు మోరీన్‌కి రాయాలి, మిగతాది జైల్స్‌కి, తొందరగా రమ్మని.

ఆ రోజు మంచు మోకాలిలోతు పడింది. సాక్షిగా రావాల్సిన గుమాస్తా ఇంట్లోంచి కదలలేకపోయింది. మంచం పక్కన రోజూ వచ్చే నర్సు ఒకతె ఉంది, ఇంకో సాక్షి కావాలి. ఫెన్విక్ తనే సంతకం పెట్టచ్చు. కానీ ఫీజు తీసుకుని వీలునామా అమలు చేసే బాధ్యత తనదే కదా, అలాంటివాడు సాక్షిగా ఉండకూడదని తన కుర్రతనంలో పెద్దసాలిసిటర్ బల్ల మీద కొట్టి మరీ నేర్పాడు. చట్టం ఆ పట్టు సడలించి చాలా ఏళ్ళయింది. ఫెన్విక్ ఆ మార్పు చదివాడు కూడా, పాటించలేదు, పాత అలవాటే గొప్పదనుకున్నాడు.

సరిగ్గా అప్పుడు కిటికీ బయట నిచ్చెన మీద నిలబడి, మంచు బరువుకి ఊడిన వాననీటి తూము బిగిస్తున్నాడు రాబ్ డాడ్స్. మోరీన్ మాజీ మొగుడు. తాగుడు మానేశాక ఊళ్ళో చిన్నాచితకా మరమ్మతులు చేసుకుంటూ, మోరీన్ పిలిస్తే కిక్కురుమనకుండా వచ్చి చేసిపెడతాడు. ఇల్లు పొందే మనిషి సాక్షిగా ఉండకూడదు, ఆ మనిషి భర్తో భార్యో కూడా ఉండకూడదు. ఉంటే వీలునామా నిలుస్తుంది, ఆ ఇల్లు ఇవ్వడం మాత్రం చెల్లదు. ఇది ఫెన్విక్‌కి నిద్రలో లేపినా తెలుసు. అందుకే ఒక్క క్షణం ఆగి ఆలోచించాడు కూడా. విడాకులిప్పించింది నేనే కదా, పరాయివాడే కదా అనుకుని రాబ్‌ని లోపలికి పిలిచాడు. రేపు ఎవరూ వేలెత్తి చూపకూడదని మోరీన్‌ని వంటింట్లోకి పంపించి, తలుపు మూయించాడు. అంత జాగ్రత్త.

మార్చిలో మిస్ టెల్ఫర్ కన్నుమూసింది. జైల్స్ వచ్చి, సమాధి దగ్గర నుంచి నేరుగా ఇంటికొచ్చి, హాల్లో అడుగులు వేసి పొడవెంతో కొలుచుకున్నాడు. అత్త మతిలో ఉండి రాసిందా అని ఫెన్విక్‌ని రెండుసార్లు అడిగాడు. అప్పుడు ఫెన్విక్ ఎంత తృప్తిగా జవాబిచ్చాడో! కాగితం సరిగ్గా ఉంది బాబూ, నువ్వు ఎక్కడికైనా వెళ్ళచ్చు అన్నాడు. ఇప్పుడు తేలిందేమిటంటే ఇల్లు ఆ జైల్స్‌దే.

మధ్యాహ్నం దాకా ఫైలు బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు. గోనెసంచి కుర్చీ పక్కనే నోరు తెరుచుకుని ఉంది. ఈ కాగితం ఉందని ఈ లోకంలో ఎవరికీ తెలియదు. సాక్షి పేరు డాడ్స్, ఆమె మళ్ళీ పెట్టుకున్న పుట్టింటి పేరు చార్ల్‌టన్. జైల్స్‌కి వాళ్ళిద్దరి పెళ్ళి సంగతే తెలియదు. సంచిలో పడేసి నాడా కడితే మోరీన్ తన ఇంట్లో తను బతుకుతుంది, మిస్ టెల్ఫర్ కోరిక తీరుతుంది, ఫెన్విక్ పరువు దక్కుతుంది. నష్టపోయేది మేనల్లుడొక్కడే, వాడికి తనకేం పోయిందో కూడా తెలియదు. చెబితే మాత్రం చట్టం నెగ్గుతుంది. నలభై ఏళ్ళుగా తను కొలిచిన చట్టం, ఇంతకాలానికి ఆయన్ని ఒక్క పని చెయ్యమంటోంది. పదకొండేళ్ళు చాకిరీ చేసిన మనిషిని రోడ్డు మీదికి నెట్టమంటోంది. దాని మీద ఆయనకి అసహ్యం వేసింది. తన మీద అంతకన్నా ఎక్కువ వేసింది.

గాలి కోసం బయటికొస్తే, గడియారం స్తంభం దగ్గర రాబ్ డాడ్స్ ఎదురయ్యాడు. చంకలో రంగు డబ్బా, చేతిలో సగం తిన్న మాంసం పఫ్. మోరీన్ వంటింటికి పసుపు రంగు వేసుకుంటానందనీ, గోడలకి పసుపేమిటే అంటే నా గోడ నా ఇష్టమందనీ చెప్పి నవ్వాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

“లాయరు గారూ, నేను దానికి చేసింది మీకు తెలుసు కదా. ఆ రోజు పెళ్ళి పుస్తకంలో సంతకం పెట్టి దాని ఉసురు పోసుకున్నాను. మొన్న మీరు పిలిచి పెట్టించిన సంతకంతో కొంచెమైనా తీర్చుకున్నాను. నా బతుకులో నేను చేసిన మంచిపని అదొక్కటే, నిజం.”

ఫెన్విక్ ఏదో అన్నాడు, వాన వచ్చేలా ఉందనో ఏమో. రాబ్ ఆయన భుజం తట్టి, మీ మొహం బాలేదు, వేడిగా ఏదైనా తాగండి అని చెప్పి వెళ్ళిపోయాడు. ఫెన్విక్‌కి ఏడుపొచ్చింది. నడి బజారులో అరవై ఆరేళ్ళ మనిషి ఏడవడం బాగుండదని, బేకరీ అద్దంలో రొట్టెలు చూస్తున్నట్టు నటించాడు.

బుధవారం అంతా ఇంట్లోంచి కదల్లేదు. గురువారం ఉదయం ఫైలు చంకలో పెట్టుకుని ఏటి ఒడ్డుకి నడిచాడు. ధైర్యం వచ్చి కాదు. చెప్పకుండా ఉంటే, ఆ ఇల్లు ఆమె పేరు మీదికి మార్చే కాగితం మీద తనే సంతకం పెట్టాలి, ఆ సంతకం పెట్టడానికి చెయ్యి ఒప్పుకోలేదు. మంచితనమో, వట్టి అలవాటో ఆయనకే తెలియలేదు.

మోరీన్ వంటింట్లో నిచ్చెనబల్ల మీద నిలబడి ఉంది. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, తలకి గుడ్డ, ముక్కు మీద పసుపు చుక్క. మూడు గోడలు అయ్యాయి, నాలుగోది సగంలో ఉంది. ఫెన్విక్‌ని చూడగానే దిగి, నీళ్ళు పొయ్యి మీద పెట్టి, కుర్చీ మీదున్న పాత పేపర్లు తీసి కూర్చోమంది. ఈ గోడలు ఇరవై ఏళ్ళ నుంచి బూడిద రంగులోనే ఉన్నాయనీ, టీచరమ్మ గారికి నచ్చకపోయినా ఓపిక లేక వదిలేశారనీ, ఆవిడ బతికుండగానే వేయించాల్సిందనీ చెబుతూ టీ పోసింది. ఇంత సంతోషంగా ఆమెని ఆయన ఎప్పుడూ చూడలేదు.

ఫెన్విక్ టీ ముట్టుకోలేదు. ఫైలు విప్పి, కాగితం తీసి, మాటలు చుట్టూ తిప్పకుండా మొత్తం చెప్పేశాడు. కాగితం పంపలేదని, తను మర్చిపోయానని, విడాకులు పూర్తి కాలేదని. రాబ్ ఇంకా భర్తేనని. భర్త సాక్షి కాబట్టి ఇల్లు ఆమెకి చెల్లదని, మిగతా ఆస్తిలో కలిసి జైల్స్‌కి వెళుతుందని. వింటున్నంతసేపూ మోరీన్ బల్ల మీద పడిన రంగు చుక్కని గోటితో గీకుతూ కూర్చుంది.

“అంటే పంతొమ్మిదేళ్ళుగా నేను డాడ్స్ పెళ్ళాన్నే?” అంది చివరికి.

“అవును.”

“వాడికి తెలుసా?”

“తెలియదు. నాకూ మంగళవారమే తెలిసింది.”

ఆమె కాగితం చేతిలోకి తీసుకుని, కళ్ళజోడు లేకపోవడంతో దూరంగా పట్టుకుని చూసింది. సంతకం మీద వేలు పెట్టి, ఇది మీదే కదా అంది. ఆయన తల ఊపాడు.

“ఫెన్విక్ గారూ, ఒకటడుగుతాను. మీరు చెప్పకపోతే ఇది ఎవరికైనా తెలిసేదా?”

అబద్ధం చెప్పడానికి ఆయనకి ఒక్క క్షణం దొరికింది. “తెలిసేది కాదు,” అన్నాడు.

“మరెందుకు చెప్పారు?”

“చెప్పాలి కాబట్టి.”

“పంపాలి కాబట్టి దీన్ని కూడా పంపాల్సింది కదండీ.”

ఆమె గొంతులో కోపం లేదు. పప్పులో ఉప్పు తక్కువైందన్నట్టు మామూలుగా అంది. కోపంగా అని ఉంటే, టీ మొహాన కొట్టి ఉంటే ఆయన తట్టుకునేవాడు. నలభై ఒక్క ఏళ్ళలో వెయ్యిమంది లాయర్లు, జడ్జీలు ఆయన్ని ప్రశ్నలడిగారు. ఎవరూ ఇంత సూటిగా అడగలేదు.

మోరీన్ లేచింది. రంగు డబ్బా మూత వెతికి, పైన పెట్టి, సుత్తి పిడితో చుట్టూ కొట్టి బిగించింది. కుంచె పంపు కింద పెట్టి కడగడం మొదలుపెట్టింది. నాలుగో గోడ సగం పసుపు, సగం బూడిదగా ఉండిపోయింది. ఎవరి గోడకో రంగెందుకులెండి అంది, ఇటు తిరక్కుండానే. నీళ్ళు తేటపడేదాకా కడిగింది.

తర్వాత చేతులు తుడుచుకుని వచ్చి ఎదురుగా కూర్చుంది. “సరే. ఇప్పుడు నేనేం చెయ్యాలో చెప్పండి. ఆ బ్రిస్టల్ అబ్బాయికి ఉత్తరం రాయనా? ఇల్లు ఖాళీ చేసెయ్యాలా, ఉండచ్చా? మీరెలా చెబితే అలా చేస్తాను.”

ఆమెకి ఏం చెయ్యాలో ఫెన్విక్‌కి అక్షరం అక్షరం తెలుసు. జైల్స్‌కి ఏమని రాయాలో, ఎన్నాళ్ళు ఇంట్లోంచి కదలకూడదో, ఫెన్విక్ మీద దావా ఎలా వెయ్యాలో, ఏ తేదీలోగా వెయ్యాలో, ఏ మాట ముందు అనాలో. ఆమె తరఫున ఈ కేసు ఆయనకన్నా బాగా నడపగలవాడు ఆ చుట్టుపక్కల ఎవడూ లేడు. ఒక్క మాట కూడా చెప్పకూడదు. తన తప్పు వల్ల నష్టపోయిన మనిషికి సాలిసిటర్ సలహా ఇవ్వకూడదు, వేరేవాళ్ళ దగ్గరికి పంపాలి, అది నియమం.

“నేను చెప్పకూడదు మోరీన్. ఇక నుంచి నేను నీ లాయర్ని కాను. నా మీదే కేసు వేసే హక్కు నీకుంది. వేరే ఎవరినైనా అడగాలి నువ్వు.”

“మీ మీదా?” ఆమె నవ్వబోయింది, నవ్వు రాలేదు. “మీ మీద కేసేస్తే ఇల్లు వస్తుందా?”

ఇల్లు రాదు. పరిహారం వస్తుంది, ఫెన్విక్ బీమా కంపెనీ రెండేళ్ళు ఉత్తరాలు నడిపి, ఆమె అక్కడ చేసిన చాకిరీకి ఇంత, పెట్టుకున్న ఆశకి ఇంత అని బేరమాడి ఇస్తుంది. అది కూడా చెప్పకూడదు. ఆయన జేబులోంచి ఒక కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. హెక్సమ్‌లో ఇద్దరివి, మోర్పెత్‌లో ఒకరివి, ముగ్గురు సాలిసిటర్ల పేర్లు, ఫోన్ నంబర్లు ఉన్నాయి. అందులో ఒకడు సోమరి, ఒకడు ఆశపోతు, మూడో ఆవిడ ఒక్కతే పనికొచ్చేది.

మోరీన్ కాగితం వైపు చూసి, చదవలేక ఆయన వైపు తిప్పింది.

“నాకు వీళ్ళెవరూ తెలియదు. వయసొచ్చినప్పట్నుంచీ ఏదొచ్చినా మీ దగ్గరికే వచ్చాను. పోనీ, ముగ్గురిలో ఎవరు మంచివాళ్ళు? అదొక్కటి చెప్పండి.”

ఫెన్విక్ నోరు తెరిచాడు. ఆమె బల్ల మీదికి వంగి, ఆయన చెప్పబోయేది జాగ్రత్తగా వినడానికి సిద్ధంగా కూర్చుంది. ఆమె ఇంకా తనని నమ్ముతోందని ఆయనకి అప్పుడర్థమైంది. ఈ ఊళ్ళో ఆయన్ని ఎప్పుడూ ఎవరూ అనుమానించలేదు, ఇప్పుడు కూడా అనుమానించడం ఆమెకి చేతకావడం లేదు.

“అది కూడా నేను చెప్పకూడదు,” అన్నాడు.